చిన్నపేగులో నెత్తురు కారితే...

ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వెళ్లిన తెలుగువాళ్లు కదమా, బిష్టుపూర్ పేటల్లో తరాలుగా ఉంటున్నారు. ఒకే ఇంట్లో రిటైరైన తాత, షిఫ్టులకు వెళ్లే కొడుకు, బడికెళ్లే మనవడు ఉంటారనుకోండి. చిన్నపేగులో రక్తస్రావానికి ముగ్గురిలోనూ ఒకే కారణం ఉండడం అరుదు.

నోటి నుంచి వేసే ఎండోస్కోపీ పొట్ట దాటి కొద్ది దూరమే వెళుతుంది. కొలనోస్కోపీ పెద్దపేగును చూస్తుంది. మధ్యలో దాదాపు 6 మీటర్ల చిన్నపేగు చూడకుండానే మిగిలిపోతుంది. జీర్ణమార్గంలో రక్తస్రావమయ్యే నూరు మందిలో 5 నుంచి 10 మందికి మూలం అక్కడే ఉంటుంది.

మనవడికి నొప్పి లేకుండా విరేచనంలో నెత్తురు పడితే ముందుగా మెకెల్ తిత్తిని అనుమానించాలి. పిండదశలో కరిగిపోవాల్సిన గొట్టం నూటికి ఇద్దరిలో కొంత మిగిలిపోయి పేగుకు తిత్తిలా అంటుకుని ఉంటుంది. అందులో పొట్టగోడ కణాలుంటే ఆమ్లం ఊరి పక్కనున్న పేగు పుండు పడుతుంది. ఆపరేషన్‌తో తిత్తిని తీసేస్తే సరిపోతుంది.

కొడుకు విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది నడుంనొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు. వాటితో పాటు గ్యాస్ మాత్ర వేసుకుంటే భయం లేదని చాలామంది నమ్మకం. గ్యాస్ మాత్ర పొట్టను కాపాడుతుంది, చిన్నపేగును కాపాడదు. ఈ వయసులో పేగు క్షయ, పేగు వాచి పుండ్లు పడే క్రోన్స్ వ్యాధి కూడా ఉండొచ్చు. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే జబ్బు ముదురుతుంది. చెప్పుల్లేకుండా మట్టిలో తిరిగేవాళ్లకు పాదాల చర్మంలోంచి కొంకిపురుగులు చేరి, పేగు గోడను పట్టుకుని రోజూ కాస్త కాస్త రక్తం పీలుస్తాయి.

తాతకు ఎక్కువగా వచ్చేది పేగు లోపలి సన్నని రక్తనాళాలు ఉబ్బి చిట్లడం. మూత్రపిండాల జబ్బున్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. గుండె నుంచి నెత్తురు బయటికి వెళ్లే కవాటం బిగుసుకుపోయిన వృద్ధుల్లో ఇలాంటి రక్తస్రావం కనిపిస్తోందని 1958లో ఎడ్వర్డ్ హైడ్ అనే వైద్యుడు రాశాడు. కారణం చాలా ఏళ్లకు తేలింది. ఇరుకు కవాటంలోంచి దూసుకెళ్లేటప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన వాన్ విల్లెబ్రాండ్ ప్రొటీన్ తునకలైపోతుంది. కవాటం మారిస్తే చాలామందిలో పేగు రక్తస్రావమూ ఆగుతుంది! వైద్యశాస్త్రంలో ఇంత అందమైన ముడి విప్పడాలు తక్కువ. చిన్నపేగులో కణితులు అరుదే అయినా వాటినీ మరవకూడదు.

ఎండోస్కోపీకి అందని ఈ భాగాన్ని చూడడానికి ఒక దారి ఉంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన కెమెరా క్యాప్సూల్‌ను మింగితే అది చిన్నపేగు పొడవునా ఫొటోలు తీస్తూ పోతుంది. పేగు ఎక్కడైనా ఇరుకైందన్న అనుమానం ఉంటే ముందు సీటీ స్కాన్ తీయాలి, లేకపోతే క్యాప్సూల్ అక్కడే ఇరుక్కుపోవచ్చు.

నెత్తురు కంటికి కనపడకుండా కాస్త కాస్త పోతున్నా ఒంట్లో ఐరన్ తగ్గుతుంది. అందుకే మగవాళ్లకు గానీ, ముట్లుడిగిన స్త్రీలకు గానీ ఐరన్ లోపం ఉందంటే ఐరన్ మాత్రలతో సరిపెట్టుకోకండి. నెత్తురు ఎక్కడికి పోతోందని డాక్టరును అడగండి. వాడుతున్న నొప్పి మాత్రల పేర్లన్నీ రాసి తీసుకెళ్లండి. విరేచనం తారులా నల్లగా, జిగటగా పడితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.