తిన్నడా... ఏడ్సిండా?

పసిబిడ్డ పగలంతా ఎలా గడిపిందో అమ్మకు చెప్పేదెవరు? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఆ కబురు ఎలా చేరుతోంది, ఎక్కడ ఆగిపోతోంది?

నడిగడ్డలో సీడు పత్తి క్రాసింగ్ మొదలైందంటే పగటిపూట ఊళ్లో అమ్మలు కనిపించరు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి పెద్ద పంట. సాయంత్రం పూట మొగ్గల్ని విప్పి పుప్పొడి కాడలు గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పూలు కోసుకొచ్చి ఒక్కో పువ్వుకూ రుద్దాలి. పూత ఉన్నన్నాళ్లూ ఆదివారం లేదు, పండగ లేదు. తెల్లారగానే చేలోకి వెళ్లిన మనిషి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. గడపలో కాలు పెడుతూనే అవ్వను అడిగే మాటలు రెండే. ‘తిన్నడా... ఏడ్సిండా?’

అవ్వ ఏదో ఒకటి చెబుతుంది. ఆమెకు సగం గుర్తుంటుంది, సగం ఉండదు. అంగన్‌వాడీలో బిడ్డను చూసుకున్న ఆయమ్మ అప్పటికే తన ఇంటి పనిలో పడి ఉంటుంది. మంగళవారం నుంచీ బిడ్డ ముద్ద సరిగా ముట్టట్లేదన్న సంగతి శుక్రవారం ఒళ్లు కాలాక గానీ తెలీదు. రోజుకు రెండు ముక్కలు ఎక్కడైనా రాసి ఉంటే?

అలా రాయడం కొన్ని దేశాల్లో మామూలు విషయం. జపాన్‌లో శిశు సంరక్షణ కేంద్రానికి వెళ్లే పసివాడి సంచిలో చిన్న నోటుపుస్తకం ఉంటుంది. దాన్ని రెన్‌రకుచో అంటారు. అటూ ఇటూ కబురు మోసే పుస్తకమని అర్థం. రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు, పొద్దున ఏం తిన్నాడు, విరేచనం అయిందా, ఒళ్లు వెచ్చగా ఉందా అన్నది తల్లి రాసి పంపుతుంది. మధ్యాహ్నం ఎంత తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఎవరితో ఆడాడు అన్నది టీచర్ రాసి తిప్పి పంపుతుంది. ఈమధ్య చాలాచోట్ల అది ఫోన్‌లోకి మారింది గానీ అడిగేవి అవే. ఇంగ్లండ్‌లో తమ ఇంట్లోనే నలుగురు పిల్లల్ని చూసుకునే చైల్డ్‌మైండర్లు ఉంటారు. చట్టం అడగకపోయినా వాళ్లలో చాలామంది రోజువారీ డైరీ రాసి సాయంత్రం బిడ్డతోపాటు తల్లి చేతిలో పెడతారు.

మన దగ్గర డైరీ లేదా అంటే ఉంది. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా ప్రైవేటు ఎల్‌కేజీ పిల్లాడి సంచి తెరిచి చూడండి. అట్ట మీద స్కూలు బొమ్మ, లోపల ఎర్ర సిరా. ‘రేపు రంగు పెన్సిళ్లు పంపండి’, ‘అఆలు రెండుసార్లు రాయించండి’, ‘ఫీజు బకాయి ఉంది’. కింద తండ్రి సంతకం. బిడ్డ ఏం చేశాడో అందులో ఒక్క ముక్క ఉండదు. బిడ్డ చేత ఏం చేయించాలో మాత్రం ఉంటుంది. డైరీ అన్న పేరు దానికి ఎవరు పెట్టారో గానీ, అది నోటీసు పుస్తకం.

పదకొండు పుస్తకాలు

రాయడం అనే పని అంగన్‌వాడీ టీచరుకు కొత్త కాదు. ఆ మాటకొస్తే ఆమె రాసినంత ఊళ్లో ఇంకెవరూ రాయరు. అంగన్‌వాడీ అన్న మాట మరాఠీ నేల నుంచి వచ్చింది. బడికి రాలేని పిల్లల దగ్గరికి బడే వెళ్లాలని తారాబాయి మోదక్ గిరిజనుల వాకిళ్లలో నడిపిన బడి అది. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలుపెట్టినప్పుడు ఆ పేరే తీసుకుంది. నేడు ఒక్క తెలంగాణలోనే 35,700 కేంద్రాలున్నాయి.

ఆ కేంద్రాల్లో రాయాల్సిన రిజిస్టర్లను కొన్నేళ్ల కిందట సవరించి పదకొండుగా ఖరారు చేశారు. కుటుంబాల వివరాలకు ఒకటి. సరుకుల నిల్వకు ఒకటి, పంపిణీకి ఇంకొకటి. పూర్వ ప్రాథమిక విద్య, గర్భిణులు-కాన్పులు, టీకాలు, విటమిన్-ఎ, ఇళ్ల సందర్శన, ఆస్పత్రికి పంపిన కేసులు, నెలవారీ లెక్కలు, పిల్లల బరువులు... వీటన్నిటికీ తలా ఒకటి. 2021లో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది. పుస్తకంలో రాసిందే ఫోన్‌లోనూ ఎక్కించాలన్న గోడు అప్పటి నుంచీ టీచర్ల నోట వింటూనే ఉన్నాం. నల్లమల లోపల చెంచు పెంటల వైపు వెళ్తే సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి. ఇన్ని చేసే టీచరుకు 2021లో పెంచిన గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు. పిల్లల ముక్కు తుడిచి, ముద్ద కలిపి పెట్టే ఆయమ్మకు 7,800.

ఇంత రాతలో అమ్మ చదవడానికి రాసింది ఎంత? దాదాపు ఏమీ లేదు. ఏ రిజిస్టరైనా సూపర్‌వైజరు బల్ల మీదికి, అక్కణ్నుంచి ప్రాజెక్టు ఆఫీసుకు, ఆపైన హైదరాబాద్‌కు, ఢిల్లీకి పోతుంది. ఫలానా గ్రామంలో ఇంతమంది పిల్లలు బరువు తక్కువ ఉన్నారని ఢిల్లీకి తెలుస్తుంది. ఆ ఇంతమందిలో తన బిడ్డ ఉందో లేదో పక్క వీధిలో ఉన్న తల్లికి తెలియకపోవచ్చు. నెలకోసారి తల్లిదండ్రుల్ని పిలిచి ఈసీసీఈ దినం జరపమన్నారు. మంచిదే. కానీ క్రాసింగ్ కూలి వదులుకుని మధ్యాహ్నం పదకొండింటికి మీటింగుకు రమ్మంటే వచ్చేదెవరు? అవ్వలే.

చదువురాని అమ్మకు డైరీయా?

ఇక్కడే గట్టి ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. 2011 జనాభా లెక్కల్ని ఇప్పటి జిల్లాల వారీగా విడదీస్తే జోగులాంబ గద్వాల అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణలో అన్ని జిల్లాలకంటే అడుగున ఉన్నది అదే. ఆడవాళ్లలో అంతకన్నా తక్కువ. చదవలేని అమ్మకు డైరీ రాసి ఇవ్వడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు.

నవ్వే ముందు ఒక కార్డు సంగతి చెప్పుకోవాలి. 1950ల్లో నైజీరియాలోని ఇమేసి-ఇలే అనే పల్లెలో డేవిడ్ మోర్లే అనే ఇంగ్లిషు డాక్టరు పసిపిల్లల్ని చూసేవాడు. బిడ్డ బరువును నెలనెలా చుక్కగా పెట్టి, చుక్కల్ని గీతతో కలిపే కార్డు తయారుచేశాడు. దాన్ని ఆస్పత్రి బీరువాలో దాచలేదు, తల్లికే ఇచ్చేశాడు. గీత పైకి పోతే బిడ్డ పెరుగుతోంది. అడ్డంగా సాగితే ఏదో తేడా ఉంది. కిందికి దిగితే ప్రమాదం. అది అర్థం కావడానికి అక్షరాలు అక్కర్లేదు. పొలంలో మొలక సాగుతోందా, గిడసబారిందా అని కంటితో చెప్పగలిగిన మనిషికి ఈ గీత చదవడం ఎంతసేపు?

ఆ కార్డు సంతతే ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉంది. గర్భిణిగా పేరు నమోదైనప్పుడు ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డు తిప్పి చూడండి. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లాడికి నీలం రంగు పట్టాల్లో పెరుగుదల పటాలు ఉంటాయి. లోపల ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగు చారలు. చుక్క ఏ రంగులో పడిందన్నది టీచర్లందరికీ తెలుసు. చుక్క ఆకుపచ్చలోనే ఉన్నా గీత రెండు మూడు నెలలు అడ్డంగా సాగితే అదీ హెచ్చరికేనన్నది మాత్రం తల్లికి విడమరిచి చెప్పాలి. అసలు చిక్కేమిటంటే, బరువు రిజిస్టరులోకీ ఫోన్‌లోకీ ఎక్కుతుంది గానీ ఇంట్లో కార్డు మీది చుక్క చాలాసార్లు పడదు. టీకాల పేజీ నిండి ఉండి, దాని పక్క పేజీ తెల్లగా ఉన్న కార్డుల్ని మీ ఇంట్లోనే వెతికి చూడండి.

నెలకో చుక్క సరే, రోజు మాటేమిటి? దానికీ అక్షరాలు తప్పనిసరి కాదు. పాత నోటుపుస్తకం పేజీలో నాలుగు గడులు గీస్తే చాలు. గిన్నె, గుడ్డు, చాప, చెంబు. గిన్నెను సగం నింపితే సగం తిన్నట్టు. చాప మీద గీత పెడితే నిద్రపోయినట్టు. చెంబు దగ్గర మూడు గీతలుంటే మూడుసార్లు విరేచనమైనట్టు. అది చూసిన ఏ అమ్మయినా ఆ రాత్రే ఓఆర్‌ఎస్ పొట్లం కోసం ఆశా ఇంటి తలుపు తడుతుంది. ఇంట్లో ఐదో తరగతి చదివే అక్క ఉంటే ఇంకో లైను కూడా రాయొచ్చు.

ఆ లైను ఎలా రాయాలన్నది మాత్రం ముఖ్యం. ‘సరిగా తినలేదు’ అంటే ఏమీ తెలీదు. ‘మూడు ముద్దలు తిని పప్పు పక్కకు నెట్టింది’ అంటే తెలుస్తుంది. ‘బాగా అల్లరి’ అని రాస్తే తల్లి బిడ్డ వీపు మీద ఒకటి వేస్తుంది. ‘కొత్త పిల్లాడి చేతిలోంచి చక్రం లాక్కుంది, తర్వాత తనే ఇచ్చేసింది’ అని రాస్తే నవ్వుకుంటుంది. చూసింది రాయాలి, తీర్పు రాయకూడదు. తిరుగు కబురూ ఉండాలి. రాత్రంతా దగ్గిన బిడ్డను పొద్దున కేంద్రంలో దింపి, చెప్పకుండా వెళ్లిపోతే టీచరు మాత్రం ఏం చేస్తుంది?

గుడ్డు గడి

గడుల్లో రెండోది గుడ్డు అన్నాను. కొందరికి ఈ డైరీ రుచించకపోతే అది ఆ గడి వల్లే. తెలంగాణలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలో రోజూ భోజనం, గుడ్డు పెట్టాలి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు వాళ్లకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికి ఇవ్వాలి. రిజిస్టరులో ఇచ్చినట్టు ఉంటుంది. ఇంటి పుస్తకంలోనూ ఉంటే రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కాంట్రాక్టరు పంపిన గుడ్లు పిడికిలిలో దాగేంత చిన్నవైనా, వారం ఆలస్యమైనా, ఆ మాట రోజు రోజుకీ ఇళ్లలో నమోదవుతుంది. దీనివల్ల టీచరుకు ముప్పని అనుకోనక్కర్లేదు. సరుకు రాని రోజున ఊరి తిట్లు తినేది ఆమే. ‘ఈ రోజు గుడ్లు రాలేదు’ అని నలభై ఇళ్ల పుస్తకాల్లో ఉంటే ఆ తిట్లు చేరాల్సిన చోటికి చేరతాయి.

అయితే పదకొండింటి మీద పన్నెండో పుస్తకం మోపి చూస్తూ కూర్చోవడం అన్యాయం. రెండుచోట్ల ఎక్కించే లెక్క ఒకచోటికి తగ్గించి, మిగిలిన ఆ అరగంట ఇటు మళ్లించాలి. అది ఆఫీసులు చేయాల్సిన పని. పిల్లలందరికీ రోజూ రాయనక్కర్లేదు కూడా. కొత్తగా చేరిన వాళ్లు, జ్వరం పడి లేచిన వాళ్లు, చేతికి టేపు చుడితే పన్నెండున్నర సెంటీమీటర్ల లోపు వచ్చే పసివాళ్లు... ముందు వీళ్లకు చాలు.

కేంద్రానికి రాని మూడేళ్ల లోపు వాళ్లది ఇంకో కథ. పగలు వాళ్లను చూసేది అవ్వో, బడి మానేసిన అక్కో. పనిచోటికి అయిదుగురు పిల్లలు వస్తే ఒక మనిషిని వాళ్ల కోసమే పెట్టి కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. అది కాగితం మీదే ఎక్కువ కనిపించింది. 2022లో అంగన్‌వాడీలోనే శిశు గృహం నడిపే పాల్నా పథకం వచ్చింది. సీడు పత్తి ఊళ్లకు అది అందరికంటే ముందు రావాలి.

ఇక వలసలు. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి పుణె, ముంబయి వైపు మేస్త్రీల వెంట వెళ్లడం తరాల నాటి సంగతి. కల్వకుర్తి ఎత్తిపోతల, భీమా నీళ్లొచ్చాక తగ్గింది గానీ ఆగలేదు. బిడ్డను అవ్వ దగ్గర వదిలి వెళ్లిన తల్లి నోటుపుస్తకం చూసేదెలా? ఆమె చేతిలోనూ ఫోన్ ఉంది. సాయంత్రం టీచరు పంపే అర నిమిషం వాయిస్ మెసేజ్ ఆమెకు డైరీ. అటు నుంచి వచ్చిన అమ్మ గొంతు బిడ్డ చెవి దగ్గర పెడితే తిరుగు కబురూ అయినట్టే. ఒక్క జాగ్రత్త ఉండాలి. ఇది ఊరందరి వాట్సాప్ గ్రూపులో పెట్టే సంగతి కాదు. ఎవరి బిడ్డ నారింజ చారలో ఉందో ఊరంతా చూస్తే ఆ తల్లి మర్నాటి నుంచి బిడ్డను తూకానికే తీసుకురాదు.

బిడ్డను వెంట తీసుకుపోయే వాళ్లు ఆధార్, రేషన్ కార్డులతోపాటు ఈ కార్డునూ మూటలో కట్టుకోవాలి. వెళ్లే ముందు కేంద్రానికి వచ్చి ఆ నెల బరువు చుక్క పెట్టించుకుంటే మంచిది. యాప్‌లో పేరు అక్కడి కేంద్రానికి మార్చే వీలుంది, అదీ అడగాలి. పుణెలో టీచరుకు తెలుగు రాకపోవచ్చు. కార్డు తెరిచి, గీత ఎక్కడ ఆగిందో చూసి, దాని పక్కన తర్వాతి చుక్క పెట్టడం ఆమెకు వచ్చు.