డాక్టరు ఫీజు: చేతిలో డబ్బా, పెట్టెలో కార్డా?

ఈ మధ్య మజూరీ రోజున మన సంఘ కార్యాలయానికి వచ్చే సభ్యులు, ముఖ్యంగా ఆడవారు, ఒకే ప్రశ్న వేస్తున్నారు. "సెక్రటరీగారూ, ఆరోగ్య కార్డు వున్నదని ధైర్యం చెప్పారు. మొన్న పిల్లవానికి జ్వరం వస్తే డాక్టరుబాబు కార్డు ముఖమైనా చూడలేదు. డబ్బు ఇక్కడ పెట్టమన్నారు. మరి ఆ కార్డు దేనికి?" ప్రశ్న న్యాయమైనదే. అయితే మజూరీ లెక్కలు చూస్తూ, వెనుక పదిమంది నిలబడివుండగా దీనికి జవాబు చెప్పడం మా వల్ల కాలేదు. అందుచేత ఈ సంచికలో కొంచెం వివరంగా వ్రాస్తున్నాము. ఇంట్లో చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించవలెనని మనవి.

ముందుగా కార్డు సంగతి. ఒడిశాలో 2018 ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ యోజన వచ్చినది. 2025 ఏప్రిల్ 11 నుండి కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన అమలులోకి వచ్చినది. కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం, ఆడవారికి అదనంగా మరో 5 లక్షలు. ఇది పెద్ద మొత్తమే. కాని మనవారు చాలమంది గమనించని మాట ఒకటున్నది. ఇది ఆసుపత్రిలో చేర్చుకొని చేసే వైద్యానికి మాత్రమే. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చిన తరువాత 15 రోజులు అయ్యే పరీక్షలు, మందులు అందులో కలిసివుంటాయి. అంతే. మంచం ఎక్కని జబ్బుకు ఈ కార్డు పలకదు.

కాబట్టి భంజనగర్ బజారులో ఒక గది, ఒక బల్ల, ఒక కంపౌండరు పెట్టుకొని కూర్చున్న డాక్టరుగారు నగదు అడిగితే ఆయన తప్పు చేసినట్లు కాదు. ఆయన దగ్గర పడకలు లేవు. ఆసుపత్రుల జాబితాలో ఆయన పేరు వుండదు. జాబితాలో వున్న పెద్ద ఆసుపత్రిలో కూడా, ఊరికే చూపించుకొని మందుచీటీ వ్రాయించుకొని రావడానికి ఫీజు చేతిలోనే పెట్టవలెను.

అసలు నేతగాని ఇంట్లో డబ్బు ఏ జబ్బుకు పోతున్నదో చూడండి. గుంటమగ్గంలో కాళ్ళు దించుకొని రోజంతా కూర్చునేవానికి నడుము, మోకాళ్ళు. చెమ్మకు కీళ్ళు. సన్నపు పట్టుపోగు అతికి అతికి కళ్ళు. నూలు దుమ్ముకు దగ్గు, ఆయాసం. కండెలు చుట్టే ముసలమ్మకు బి.పి., చక్కెర జబ్బు, నెలనెలా మాత్రలు. వీటిలో ఒక్కటి కూడా మంచం ఎక్కించేది కాదు. కాని నెల తిరిగేసరికి మజూరీలో ఎంత పోయినదో ఇల్లాలికే తెలుసు. దేశం మొత్తం వైద్యానికి పెట్టే ఖర్చులో జనం తమ జేబులోనుండి పెట్టుకున్నది 2013-14లో నూటికి 64.2 వంతులు. 2021-22 నాటికి అది 39.4కు దిగినదని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నవి. దిగిన మాట నిజమే. అయినా నూటికి ముప్పైతొమ్మిది వంతులంటే చిన్న మాట కాదు.

ఇటువంటి చిల్లర వైద్యానికి కూడా బీమా వున్న రోజులు మన నేతపనివారు చూచారు. 2005-06లో కేంద్ర చేనేత శాఖవారు నేత కుటుంబాలకు ప్రత్యేకంగా ఆరోగ్య బీమా పథకం పెట్టారు. కుటుంబానికి సంవత్సరానికి 15,000 రూపాయలు. అందులో 7,500 వరకు మంచం ఎక్కని వైద్యానికే. వాయిదా సొమ్ములో ఎక్కువ భాగం ప్రభుత్వమే కట్టేది. మనకోసం ఆలోచించి చేసిన పథకమని ఇప్పటికీ అంటాము. అయితే డాక్టరుకు ముందు మనమే డబ్బు ఇచ్చి, చీటీలన్నీ దాచి, పత్రం నింపి పంపితే అప్పుడు తిరిగి వచ్చేది. మన సభ్యుల చీటీలలో ఒకదానిమీద డాక్టరుగారి రిజిస్టరు నంబరు వుండదు, ఇంకొకదానిమీద తేదీ వుండదు, మందుల షాపువాడు చిన్న కాగితం ముక్క మీద మొత్తం మాత్రం వేసి ఇచ్చివుంటాడు. అవి తిరిగి వచ్చేవి. ఆ తిరిగివచ్చిన చీటీల కట్ట ఒకటి మన కార్యాలయం బీరువాలో చాలకాలం వుండేది. చెదలు పట్టిన తరువాత పారవేశాము. పథకం కూడా తరువాత ఆగిపోయినది.

చిల్లర ఖర్చును బీమా మోయలేకపోవడానికి ఒక లెక్క వున్నది. రెండువందల రూపాయల చీటీని పరీక్షించడానికీ, రెండు లక్షల చీటీని పరీక్షించడానికీ ఒకే గుమస్తా, ఒకే కాగితాలు, ఇంచుమించు ఒకే కాలం కావలెను. ప్రతి కండెకూ ఒక రసీదు, ప్రతి రసీదుకూ ఒక సంతకం పెట్టమంటే మన సంఘంలో నూలు పంపిణీ ఏ గతి పట్టునో ఊహించుకోండి. బీమా అనేది అరుదుగా వచ్చే పెద్ద దెబ్బను వేలమంది పంచుకునే ఏర్పాటు. ప్రతి ఇంటికీ ప్రతి నెలా వచ్చే ఖర్చును పంచుకోవడమంటే, మన డబ్బు మనకే, మధ్యలో గుమస్తా జీతం పోగా, తిరిగి రావడమే.

ఈ అనుభవం అమెరికావారికి మనకంటె పెద్ద ఎత్తున అయినది. అక్కడ చిన్న దగ్గుకు కూడా బీమా కంపెనీ ద్వారానే డాక్టరుకు డబ్బు చేరే పద్ధతి స్థిరపడినది. డాక్టరుగారి దగ్గర మందులు ఇచ్చేవారికంటె పత్రాలు నింపేవారు ఎక్కువైనారు. దానితో విసిగి కొందరు డాక్టర్లు "మాకు బీమా వద్దు, నెలకు ఇంత అని నేరుగా మాకే ఇవ్వండి, ఎప్పుడైనా రండి" అన్నారు. ఓక్లహామా నగరంలో 1997లో ఇద్దరు డాక్టర్లు పెట్టిన శస్త్రచికిత్స కేంద్రమొకటి 2009 నుండి ఏ ఆపరేషనుకు మొత్తం ఎంతో ముందుగానే అందరికీ తెలిసేటట్లు ధరలు ప్రకటించినది. మనవారి పిల్లలు అక్కడ వున్నవారు ఈ నగదు పద్ధతిని మెచ్చుకుంటూ చెబుతారు. మెచ్చుకోవలసినదే. కాని రెండు సంగతులు మరువరాదు. నెల ఫీజు కట్టి డాక్టరును పెట్టుకున్న అమెరికావాడు పెద్ద జబ్బు కోసం బీమా వేరే వుంచుకోవడమే తెలివి అని అక్కడివారే చెబుతారు. ఇక ఆ కేంద్రంలో ధర ముందు, కత్తి తరువాత. మన దగ్గర నగదు వైద్యంలో ముందు ధర అడిగేవాడు లేడు, చెప్పేవాడూ తక్కువ. చీర ధర అడగకుండా ఎవరైనా కొంటారా? డాక్టరు దగ్గర మాత్రం నోరు పెగలదు.

ఇప్పుడు రెండవ ఫిర్యాదు. జాబితాలో వున్న ఆసుపత్రి, మంచం ఎక్కవలసిన జబ్బు, అయినా కార్డు ప్రక్కన పెట్టి నగదు అడగడం. దీనికి కారణం డాక్టర్ల దురాశ ఒక్కటే అనుకోవడం సరికాదు. కార్డు మీద చేసే ప్రతి వైద్యానికీ ప్రభుత్వం ఒక ధర కట్టివుంచినది. అది కొన్ని ఆసుపత్రులకు గిట్టదు. గిట్టినా ఆ డబ్బు రావడం ఆలస్యం. సరిహద్దు దాటితే మన బంధువులున్న శ్రీకాకుళం జిల్లా, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదటిసారిగా పెట్టిన మూడు జిల్లాలలో ఒకటి. ఆ పథకం ఎందరినో బ్రతికించినది. అటువంటి పథకం క్రిందనే 2025 సెప్టెంబరులో తెలంగాణలోను, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోను ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలు చెల్లించలేదని కొన్నాళ్ళు వైద్యం నిలిపివేశాయి. ఆసుపత్రిలో నర్సుకు నెలాఖరున జీతం ఇవ్వవలెను గదా. అప్పు మీద బట్ట ఇచ్చి, బాకీ కోసం నెలలు ఎదురుచూచి, ఆ లోపల నూలు కొనడానికి డబ్బులేక మగ్గాలు ఆపుకున్న సంఘానికి ఈ బాధ తెలియనిది కాదు.

కాని బాధ వేరు, నియమం వేరు. జాబితాలో చేరిన ఆసుపత్రి, కార్డులో వున్న వైద్యానికి, కార్డుదారుని దగ్గర పైకం పుచ్చుకోరాదు. బయానా అనిగాని, మందులకనిగాని అడగరాదు. అడిగితే అక్కడే వుండే మిత్ర అనే ఉద్యోగికి చెప్పవలెను. ఆయన వినకపోతే 14555 నంబరుకు ఫోను చేయవలెను. దానికి ఖర్చు లేదు.

ఇది తెలియక ఏమైనదో చెప్పడం మాకు కష్టంగా వున్నా చెప్పితీరవలెను. మన సభ్యుడొకరికి గజ్జలలో వరిబీజం జారి ఆపరేషను అవసరమైనది. పేరు వ్రాయము, వారి ఇంటివారికి ఇష్టం లేదు. బరంపురంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. కార్డు చూపించారు. కార్డులో పేరు, ఆధారులో పేరు కలియలేదు. మన తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాసుకుంటారు. ఒడియావారు వెనుక వ్రాస్తారు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరమై ముందు వున్నది, రెండవచోట పూర్తిగా వెనుక వున్నది, మధ్యలో ఒక అక్షరం మారినది. "ఇది మీది కాదు, నగదు కట్టండి" అన్నారు. రాత్రి వేళ. నొప్పితో మనిషి మెలికలు తిరుగుతున్నాడు. కొడుకు భంజనగర్ ఫోను చేసి సాహుకారు దగ్గర నలభైవేలు తెప్పించాడు. మనిషి బ్రతికాడు. అప్పు తీరలేదు. ఆరు నెలలకు మగ్గం, అచ్చులు, పన్నెలతో సహా సాహుకారు ఇంటికి చేరినవి. ఇప్పుడు ఆ తండ్రీకొడుకులు తమ మగ్గం మీదనే అతనికి కూలికి నేస్తున్నారు.

ఇందులో ఆసుపత్రి తప్పు ఎంతో మేము తూచలేము. మా తప్పు మాత్రం చెప్పగలము. కార్డుల కోసం సభ్యుల పేర్ల పట్టిక వ్రాసి ఇచ్చినది మన కార్యాలయమే. అందరి ఇంటిపేర్లూ మన అలవాటు చొప్పున ముందు వ్రాశాము. ఆధారుతో సరిపోల్చలేదు. అటుతరువాత సరిచూడగా ఇటువంటివే మరి పదునాలుగు కార్డులు బయటపడినవి. తొమ్మిది సరిచేయించాము. అయిదు మిగిలినవి.

నగదుతో వైద్యం చేయించుకోవలసివచ్చినప్పుడు కూడా కొంత జాగ్రత్త మన చేతిలో వున్నది. మొదట సర్కారు ఆసుపత్రి. భంజనగర్‌లో సబ్‌డివిజను ఆసుపత్రి వున్నది. అక్కడ చూపించుకోవడానికి ఫీజు లేదు. సర్కారు ఆసుపత్రులలో మందులు ఉచితంగా ఇచ్చే నిరామయ పథకం 2015లో ప్రారంభమైనది. బి.పి., చక్కెర మాత్రలకు బజారుకు పోయేముందు ఒకసారి అక్కడ అడగండి. వరుస పెద్దదే, ఒక పూట మగ్గం ఆగుతుంది. ఆ పూట మజూరీ, బజారులో మాత్రల ఖరీదు ప్రక్కప్రక్కన పెట్టి చూచుకోండి. కొన్నిసార్లు బజారే మేలు కావచ్చును, మేము కాదనము. పెద్ద జబ్బయితే సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బరంపురంలో 1962లో స్థాపించిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రి వున్నది. ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతే ఫీజు ఎంత, పరీక్షలు ఎన్ని, అన్నీ ఇప్పుడే అవసరమా అని ముందు అడగండి. మంచి డాక్టరు కోపగించుకోడు. రసీదు తీసుకోండి. ఇంట్లో 70 ఏళ్ళు నిండినవారుంటే, 2024 అక్టోబరు నుండి వారికి ఆయుష్మాన్ క్రింద 5 లక్షల వరకు వేరుగా ఏర్పాటున్నది. రాబడి ఎంతైనా సరే.

కార్మికరాజ్య బీమా మనకెందుకు లేదని కుర్రవాళ్ళు అడుగుతున్నారు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఆ బీమా ఫ్యాక్టరీలు, దుకాణాలు మొదలైన చోట్ల జీతానికి పనిచేసేవారికి. ఇంట్లో సొంత మగ్గం మీద నేసేవాడు ఆ బీమా కంటికి కార్మికుడు కాడు.

సంఘమే సొంతంగా బీమా నడపరాదా అని కూడా పోయిన సమావేశంలో వచ్చినది. లెక్క వేసి చూచాము. నూరు కుటుంబాలు నెలకు 20 రూపాయలు వేస్తే సంవత్సరానికి 24,000. ఒక్క ఆపరేషనుతో ఆ సొమ్ము ఆవిరి. కర్ణాటకలో సహకార సంఘాల సభ్యుల కోసం 2003లో యశస్విని పథకం మొదలుపెట్టినప్పుడు మనిషికి నెలకు 5 రూపాయలే. శస్త్రచికిత్సలు దానిమీదనే జరిగేవి. అది నిలబడినదంటే లక్షలమంది చేరడం వల్ల, రాష్ట్రమంతటి సహకారశాఖ వెనుక వుండడం వల్ల. 2018లో దానిని అక్కడి సర్కారు పథకంలో కలిపి, 2022లో మరల తెరిచారు. మన నూరు ఇళ్ళతో అటువంటిది సాధ్యం కాదు.

కాని అదే 24,000 రూపాయలు చిన్న ఖర్చులకు బదులుగా ఇస్తే పనికివస్తుంది. జ్వరానికో, కంటి పరీక్షకో వెయ్యి రూపాయలు వడ్డీ లేకుండా ఇచ్చి, అయిదు మజూరీలలో రెండేసి వందల చొప్పున పట్టుకుంటే, ఆ డబ్బు సంవత్సరంలో ఎన్నో ఇళ్ళు తిరిగివస్తుంది. సాహుకారు గడప ఎక్కే పని తప్పుతుంది. పాలకవర్గం దీనికి ఒప్పుకున్నది. వైద్యపు బదులు ఖాతా అని వేరే పుస్తకం తెరిచాము. రసీదు చూపినవారికే ఇస్తాము. ఈ ఒక్క విషయంలో మొగమాటం పెట్టకండి.

వచ్చే మజూరీ రోజున ప్రతి ఇంటివారూ ఆరోగ్య కార్డు, ఆధారు, రేషను కార్డు మూడూ తీసుకొనిరావలెను. కుర్రవాడొకడు బల్ల దగ్గర కూర్చొని అక్షరం అక్షరం సరిచూస్తాడు. మిగిలిపోయిన ఆ అయిదు ఇళ్ళవారికి విడిగా కబురు పంపుతున్నాము, వారు ముందు రోజే రావలెను.