భీమిలి తీరానికి కారులో వెళతారా?
నంబరు పలక చూశాకే బయానా ఇవ్వండి

విజయనగరం: కార్తీక మాసం వచ్చిందంటే పల్లెల్లో పిక్నిక్కుల మాట మొదలవుతుంది. పూర్వం ఊరి తోటలో ఉసిరిచెట్టు కింద వంటలు చేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు రెండు మూడు కుటుంబాలు కలిసి కారు మాట్లాడుకుని, భీమిలి నుంచి విశాఖ వరకు బీచి రోడ్డంతా చూసి రావాలని ఉబలాటపడుతున్నాయి. కోరిక మంచిదే. పంచుకుంటే ఖర్చూ భరించలేనిది కాదు. చిక్కంతా కారు బేరం దగ్గరే ఉంది.

ఊళ్ళో ఎవరికో సొంత కారు ఉంటుంది. ఆయిలు పోయించి పైన కొంత ఇస్తే చాలు, వస్తానంటాడు. టాక్సీ కంటే చవక, పైగా తెలిసినవాడు. అందరూ సరేనంటారు. కానీ ఆ కారుకు తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటాయి. అంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. టాక్సీకి పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటాయి. డ్రైవరు లేకుండా మనమే నడుపుకునే అద్దె కారుకైతే నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటాయి. కరెంటు బండ్ల పలక ఆకుపచ్చగా ఉంటుంది. వాటిలో టాక్సీకి పసుపు అక్షరాలు, సొంత బండికి తెల్ల అక్షరాలు.

ఈ రంగుల తేడా పోలీసుల కోసమే అనుకునేవారు చాలామంది. అసలు సంగతి బీమా పత్రంలో ఉంది. సొంత కారు బీమా అద్దెకు తిప్పినప్పుడు వర్తించదని ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. దారిలో ప్రమాదం జరిగి, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకున్నాడని తేలితే కంపెనీ అడ్డం తిరుగుతుంది. కారు బాగుచేయించే ఖర్చు యజమాని నెత్తిన పడుతుంది. దెబ్బలు తగిలినవారు పరిహారం కోసం ట్రిబ్యునలుకు వెళితే అక్కడా కంపెనీ ఇదే వాదన తెస్తుంది. కేసు ఏళ్ళ తరబడి సాగవచ్చు. తీర్పు యజమాని మీదకు వస్తే రెండెకరాల రైతు ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? ఎక్కినవాడూ, ఎక్కించుకున్నవాడూ ఒకే వీధివారు. మిగిల్చిన నాలుగు డబ్బులకు రెండిళ్ళ మధ్య జన్మకు సరిపడా వైరం మిగులుతుంది.

బండి పత్రంలో ఎన్ని సీట్లు రాసి ఉన్నాయో కూడా చూసుకోవాలి. ఆ లెక్కలో డ్రైవరు కూడా ఉంటాడు. ఏడు సీట్ల బండి అంటే ఎక్కేవారు ఆరుగురే. "పిల్లలు లెక్కలోకి రారు" అంటూ పదకొండు మందిని కుక్కడం మన వైపు మామూలైపోయింది.

టాక్సీతో బేరానికి దిగినప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే అడిగి ఊరుకోరాదు. రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని షరతు ఉందా? అది 250 అయితే, 120 తిరిగినా 250కే చెల్లించాలి. లెక్క మన ఇంటి గుమ్మం నుంచా, బండి షెడ్డు నుంచా? డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు ఎవరివి? ఇవన్నీ కాగితం మీద రాయించుకుని, బయలుదేరేముందు మీటరు అంకె నలుగురూ చూస్తే, తిరిగొచ్చాక గుమ్మంలో గొడవ ఉండదు. స్టెపినీలో గాలి ఉందో లేదో చూడటానికి ఎంతసేపు పడుతుంది?

ఇక దారి. ముందు విశాఖ వెళ్ళి, భీమిలి మీదుగా ఇంటికి రావడం చాలామంది అలవాటు. అటునుంచి ఇటు మార్చుకుంటే మేలు. తెల్లవారుజామున బయలుదేరి తగరపువలస మీదుగా భీమిలి చేరి, అక్కడి నుంచి బీచి రోడ్డు పట్టాలి. అప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. మన బండి నడిచేదీ ఎడమ పక్కనే. ఎక్కడ ఆపినా పిల్లలు రోడ్డు దాటకుండానే ఇసుకలోకి దిగుతారు. ఎదురుగా వచ్చేవారికి ఆ వీలు లేదు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. డచ్చివారు 17వ శతాబ్దంలో ఇక్కడ వ్యాపారం సాగించారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. ఊళ్ళో పురపాలక సంఘం 1861లోనే ఏర్పడింది.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే ఎర్రమట్టి దిబ్బలు. ఎండ ముదరకముందే చూడాల్సిన చోటు ఇది. వేల ఏళ్ళ కిందట గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబారింది. వానలు దాన్ని గెడ్డలుగా కోశాయి. తమిళనాడులోని తేరి ఇసుక తప్ప మన దేశంలో ఇలాంటివి అరుదు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. గోడలెక్కి జారితే మట్టి విరిగిపడుతుంది, మళ్ళీ అతకదు. పిల్లల్ని కాస్త అదుపులో ఉంచాలి.

మంగమారిపేట దగ్గర రాతి తోరణం కెరటాలు వెనక్కి తగ్గినప్పుడు బాగా కనిపిస్తుంది. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం ఉంది. భిక్షువులు రాతిలో తొలిపించుకున్న నీటి తొట్ల వల్లనే ఆ పేరు వచ్చింది. కేరేజీలు విప్పేవేళకు ఆ ప్రాంతానికి చేరితే సమయం కుదురుతుంది.

రుషికొండలో నీళ్ళు అద్దంలా ఉంటాయి గాని, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. చెరువులో ఈత వచ్చినవాడు సముద్రంలోనూ ఈదగలననుకోవడం వల్లనే ప్రాణాలు పోతున్నాయి. గార్డులు వద్దన్నచోట దిగరాదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడింది ఈ తీరం మీదే. వాయుగుండం వార్త వింటే, బయానా పోయినా ప్రయాణం మానుకోవడమే మంచిది.

విశాఖలో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూడవచ్చు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించాక, 2002లో ఒడ్డుకు చేరి ప్రదర్శనశాల అయింది. సోమవారం సెలవు, కనుక ప్రయాణం మరో రోజు పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణం మధురవాడ, ఆనందపురం మీదుగా పెద్ద రోడ్డున. చీకటి పడ్డాక లారీల రద్దీ ఎక్కువ. డ్రైవరు తెల్లవారుజామున లేచిన మనిషి. అందరూ తోట నీడన కునుకు తీస్తుంటే అతను బండి తుడుస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం మనతోపాటే అతనికీ విస్తరి వేసి, గంటసేపు పడుకోనివ్వాలి. రాత్రి తొమ్మిది దాటేలా ఉంటే విశాఖలోనే బస చేయాలి. అతని పడకకూ బస లెక్కలో చోటుండాలి.