లెక్క చెప్పింది... మందు మాన్పించింది!

మామూలు యాంటీబయోటిక్స్‌కు లొంగని ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు డాక్టర్లు ఎక్కించే మందుల్లో వ్యాంకోమైసిన్‌ ఒకటి. 1994లో డెన్మార్క్‌ దేశం మొత్తమ్మీద రోగులకు వాడింది 24 కిలోలే. అదే ఏడాది అక్కడి పశువులకు దాణాలో కలిపి పెట్టిన అవోపార్సిన్‌ ఎంతో తెలుసా... 24 వేల కిలోలు! అదీ జబ్బు చేసినందుకు కాదు, త్వరగా బరువు పెరుగుతాయని.

పేర్లు వేరైనా ఈ రెండూ అన్నదమ్ముల్లాంటి మందులు. ఒకదాన్ని తట్టుకోవడం నేర్చుకున్న బ్యాక్టీరియా రెండోదానికీ లొంగదు. అలాంటి బ్యాక్టీరియా కోళ్లలో, పందుల్లో బయటపడడంతో 1995లో డెన్మార్క్‌ అవోపార్సిన్‌ను నిషేధించింది. అంతటితో చేతులు దులుపుకోలేదు. ‘డాన్‌మ్యాప్‌’ పేరుతో నిఘా పెట్టింది. పశువులూ మాంసమూ మనుషులూ... మూడుచోట్లా నమూనాలు తీసి, ఎక్కడ ఏ మందు ఎంత వాడారో, ఏ బ్యాక్టీరియా దేనికి లొంగడం లేదో లెక్కకట్టడం దాని పని.

కోళ్ల సంగతి చూస్తే- పరీక్షించిన ఒకరకం బ్యాక్టీరియాలో 1995లో 73 శాతం మందుకు లొంగలేదు. 2000 నాటికి అది 6 శాతానికి పడిపోయింది. పందుల్లో మాత్రం రెండేళ్లయినా 20 శాతం దగ్గరే ఆగిపోయింది. నిషేధించినా ఎందుకిలా?

ఆరా తీస్తే అసలు గుట్టు తెలిసింది. పందుల దాణాలో టైలోసిన్‌ అనే మరో మందు ఇంకా కలుపుతున్నారు. ఈ రెండు మందుల్నీ తట్టుకునే జన్యువులు బ్యాక్టీరియాలో జంటగా ఉన్నాయి. టైలోసిన్‌ ఒకదాన్ని కాపాడుతుంటే రెండోదీ దాంతోపాటే బతికేస్తోంది! 1998 నుంచి దాణాలో టైలోసిన్‌ను మానేస్తూ వచ్చారు. 2000 నాటికి పందుల్లోనూ 6 శాతమే.

ఇబ్బందులు లేవని కాదు. తల్లిపాలు మాన్పించిన పందిపిల్లల్లో విరేచనాలు ఎక్కువై, వైద్యానికి వాడే మందులు పెరిగాయి. అదీ లెక్కలో కనిపించింది. అందుకే 2010లో ‘ఎల్లో కార్డు’ తెచ్చారు. సగటుకు రెట్టింపు మందులు వాడే ఫారానికి హెచ్చరిక అన్నమాట. బరువు పెంచడానికి యాంటీబయోటిక్స్‌ వాడకాన్ని 2006లో ఐరోపా సమాఖ్య పూర్తిగా ఆపేసింది.

మనదేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2013లో పెద్దాసుపత్రులతో ఇలాంటి నిఘా మొదలుపెట్టింది. ఐసీయూల్లో చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను మాంసం, గుడ్లు, పాలనిచ్చే జీవాలకు వాడకూడదని 2019లో కేంద్రం ఆదేశించింది. నిషేధం మొదటి అడుగే. ఆ తర్వాతా లెక్క ఆపకపోతేనే మన ఇంట్లో ఒకరికి అవసరమైన రోజున ఆ మందు పనిచేస్తుంది.