ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే: లోపాన్ని గుర్తించే క్రమం

1. పరిచయం

అసైన్‌మెంటు గడువు రేపే అనగా ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే, యంత్రంతో పాటు రాసుకున్నదంతా పోయిందని కంగారుపడటం సహజం. కాని ఈ రెండూ వేర్వేరు విషయాలు. మీ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో గాని, ఎస్‌ఎస్‌డిలో గాని ఉంటాయి. కరెంటు అందనంత మాత్రాన అవి చెరిగిపోవు. కాబట్టి ముందుగా కరెంటు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి.

2. కరెంటు దారి

కోనసీమ పొలాలకు ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల ద్వారా, చివరకు బోదెల ద్వారా నీరు వస్తుంది. చివరి చేనుకు నీరందకపోతే రైతు బోదె వెంట వెనక్కి నడిచి, ఎక్కడ ఆగిందో చూస్తాడు. ఇక్కడా అంతే. సాకెట్‌లోని 230 వోల్టుల ఏసీ కరెంటును అడాప్టరు సుమారు 19 లేదా 20 వోల్టుల డీసీగా మారుస్తుంది. అది మదర్‌బోర్డుకు చేరి, అక్కడి నుంచి బ్యాటరీకి, ప్రాసెసరుకు, తెరకు అందుతుంది.

3. వరుసగా చేయవలసిన పరీక్షలు

(అ) సాకెట్: అదే సాకెట్‌లో సెల్‌ఫోన్ ఛార్జరు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతుంటే దాన్ని తీసి, ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి.

(ఆ) అడాప్టరు: వైరు నలిగిందా, పిన్ను వదులైందా చూడండి. వేరొకరి అడాప్టరుతో పరీక్షించేటప్పుడు దానిపై రాసిన వోల్టులు మీ దానితో సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి.

(ఇ) ఖాళీ బ్యాటరీ: చాలా రోజులు వాడకపోతే బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతుంది. అరగంట ఛార్జింగ్ పెట్టి మళ్లీ ప్రయత్నించండి.

(ఈ) మిగిలిన ఛార్జి: అడాప్టరును, ఊడదీయగల బ్యాటరీని తీసివేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత అడాప్టరు మాత్రమే తగిలించి ఆన్ చేయండి.

(ఉ) తెర: లైటు వెలిగి, ఫ్యాను తిరుగుతూ ఉంటే ల్యాప్‌టాప్ ఆన్ అయినట్లే. అప్పుడు లోపం తెరలో గాని, ర్యామ్‌లో గాని ఉండవచ్చు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే లోపం తెర వైపు ఉన్నట్లు.

4. నీరు తగిలితే

2022 జులై గోదావరి వరదలలో కోనసీమ లంక గ్రామాలు నీట మునిగాయి. అలాంటి సమయంలో తడిసిన ల్యాప్‌టాప్‌కు పై పరీక్షలేవీ చేయరాదు. ముఖ్యంగా పవర్ బటన్ నొక్కరాదు, ఛార్జరు పెట్టరాదు. తడి ఉండగా కరెంటు పారితే షార్ట్ సర్క్యూట్ ఏర్పడి బోర్డు కాలిపోవచ్చు. వీలైతే బ్యాటరీ తీసి, నీరు కారిపోయేలా బోర్లించి, మరమ్మతు చేసేవారి వద్దకు తీసుకువెళ్లండి. బియ్యంలో పెడితే లోపలి నీరు పోదు. పైగా తవుడు, దుమ్ము పోర్టులలో చేరతాయి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని నొక్కరాదు, గుచ్చరాదు, మంటలు రావచ్చు.

5. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు

అమలాపురంలో ఇచ్చినా, రాజోలు, కొత్తపేటలలో ఇచ్చినా ముందుగానే ఒక మాట చెప్పండి: "నా ఫైళ్లు కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయవద్దు." చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను విడిగా తీసి, వేరే కంప్యూటరుకు కలిపి ఫైళ్లను కాపీ చేయవచ్చు. కొన్ని పలుచని మోడళ్లలో మాత్రం అది బోర్డుకే అతికి ఉంటుంది. అందువల్ల పెన్‌డ్రైవ్‌లో మరొక ప్రతి ఉంచుకోవడమే మేలు.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే లోపం ఎక్కడ ఉండవచ్చు?
2. వేరొకరి అడాప్టరు వాడే ముందు ఏయే అంకెలను పోల్చి చూడాలి?
3. తడిసిన ల్యాప్‌టాప్‌ పవర్ బటన్‌ను ఎందుకు నొక్కరాదు?