పాత కంప్యూటర్‌కు మూడు తాళాలు



2000 తర్వాతి సంవత్సరాల్లో దిల్‌సుఖ్‌నగర్ అంటే కంప్యూటర్ కోర్సుల బోర్డులే గుర్తుకొచ్చేవి. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ దాకా కోచింగ్ సెంటర్లు, ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. విండోస్ ఎక్స్‌పీతో నడిచిన ఆ కాలపు పెంటియం-4 కంప్యూటర్లు ఇప్పటికీ తక్కువ ధరకు చేతులు మారుతున్నాయి. మనలాంటి హాస్టల్ విద్యార్థులు నలుగురు కలిసి, కాస్మెటిక్ చార్జీల్లో మిగిల్చుకున్న రూపాయలు పోగుచేసి ఒకటి కొనుక్కుంటే టైపింగ్‌కు, సి ప్రోగ్రాములకు సరిపోతుంది. తీరా గదికి తెచ్చి స్విచ్ వేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది! అమ్మినవాళ్లకు అది గుర్తుండదు. షాపుకు తీసుకెళితే మళ్లీ ఖర్చు.

భయపడనక్కర లేదు. మన హాస్టల్‌లో గేటుకు, గదికి, ట్రంకుపెట్టెకు వేర్వేరు తాళాలున్నట్లే కంప్యూటర్‌కూ మూడు తాళాలుంటాయి. ఏ తాళం పడిందో తెలిస్తే సగం పని అయినట్లే.

ముందు రసీదు

తాళం తీసే హక్కు సొంతదారుకే ఉంటుంది. కాబట్టి కొన్నప్పుడే రసీదు రాయించుకోవాలి. దొంగ సొత్తని తెలిసి కంప్యూటర్ ఉంచుకుంటే ఐ.టి. చట్టం 66-బి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సెక్షన్ 2009 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగాలకు వెళ్లవలసిన మనకు కేసు మంచిది కాదు.

గేటు తాళం: బయాస్

విండోస్ బొమ్మ రాకముందే నల్లటి తెరపై పాస్‌వర్డ్ అడిగితే అది బయాస్ తాళం. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. ఏటీ నుంచి ఇలాంటి సెట్టింగులను సీమాస్ అనే చిన్న మెమరీలో దాస్తున్నారు. కరెంటు లేనప్పుడు దాన్ని నిలబెట్టేది మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ. చాలా బోర్డుల్లో అది 3 వోల్టుల సి.ఆర్.2032 రకం.

ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. బ్యాటరీ తీసి కొంతసేపు ఆగి మళ్లీ పెడితే చాలా డెస్క్‌టాప్‌లలో పాస్‌వర్డ్ చెరిగిపోతుంది. అలా కాకపోతే బ్యాటరీ దగ్గర ‘క్లియర్ సీమాస్’ అని రాసిన జంపర్‌ను పక్క పిన్నులకు మార్చి, కొన్ని సెకన్ల తర్వాత యథాస్థానంలో పెట్టాలి. తర్వాత తేదీ, సమయం మళ్లీ సరిచేసుకోవాలి.

ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. ఐ.బి.ఎం. థింక్‌ప్యాడ్ వంటి వాటిలో పాస్‌వర్డ్ వేరే చిప్‌లో ఉంటుంది. దానికి బ్యాటరీతో పనిలేదు కనుక బ్యాటరీ తీసినా పోదు. అందుకే ల్యాప్‌టాప్‌ను షాపులోనే ఆన్ చేయించి చూశాకే డబ్బు ఇవ్వాలి.

గది తాళం: విండోస్

ఇంకా పాతదైన విండోస్ 98లో అయితే పాస్‌వర్డ్ పెట్టెను ‘క్యాన్సిల్’ చేసినా లోపలికి వెళ్లవచ్చు. అది పేరుకే తాళం. ఎక్స్‌పీలో అలా కుదరదు. కంప్యూటర్ మొదలవుతుండగా ఎఫ్8 నొక్కుతూ ‘సేఫ్ మోడ్’ ఎంచుకుంటే ‘అడ్మినిస్ట్రేటర్’ అనే పేరు కనబడుతుంది. ఇళ్లలో వాడిన యంత్రాల్లో చాలాసార్లు దానికి పాస్‌వర్డ్ పెట్టి ఉండరు. ఎంటర్ నొక్కితే లోపలికి వెళతాం. కంట్రోల్ ప్యానెల్‌లోని ‘యూజర్ అకౌంట్స్’లో పాత పాస్‌వర్డ్ తీసేసి మన పేరిట కొత్త అకౌంట్ తెరవవచ్చు. పూర్తి అధికారం కావాలంటే ఆ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ రకంగా ఉండాలి. ‘లిమిటెడ్’ రకమైతే చాలా సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోలేము.

ట్రంకుపెట్టె తాళం: ఎన్‌క్రిప్షన్

ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో కొందరు ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచేవారు. పాస్‌వర్డ్‌ను బలవంతంగా మారిస్తే ఆ ఫైళ్లు తెరుచుకోవు. ఈ తాళం మనం తీయనూ కూడదు. మనం కొన్నది యంత్రాన్నే గాని పాత యజమాని ఫొటోలను, ఉత్తరాలను కాదు. వారికి కబురు చేసి, అక్కరలేదంటే డిస్కు మొత్తం ఫార్మాట్ చేయడం మర్యాద.

ఫార్మాట్ చేశాక మళ్లీ ఎక్స్‌పీ ఎందుకు? 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దానికి రక్షణ మార్పులు పంపడం ఆపేసింది. ఇంటర్నెట్‌కు కలిపితే వైరస్ ప్రమాదం. 32 బిట్ల యంత్రాలకు సరిపోయే తేలికపాటి లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. అది సీడీలో ఉంటే మంచిది, ఎందుకంటే పాత యంత్రాలు కొన్ని పెన్‌డ్రైవ్‌తో మొదలుకావు.

ఇక పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మీ పాత కంప్యూటర్‌ను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇవ్వాలనుకుంటే ముందు మీ ఫైళ్లు తీసుకోండి. పాస్‌వర్డ్ తొలగించి, ఇచ్చినట్లు ఒక కాగితం రాసివ్వండి. అలా ఇస్తే వచ్చిన రోజునే ఇక్కడ ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని పని నేర్చుకోవడం మొదలుపెడతారు.