ఐదు బస్తాలు, ఎనభై కిలోలు

ఫస్టియర్ పైథాన్ ల్యాబ్‌లో ఎవరి రికార్డు తెరిచి చూసినా ప్రోగ్రాములన్నీ కరెక్టే. ఫిబొనాచి కరెక్టు, ప్రైమ్ నంబర్లు కరెక్టు, అవుట్‌పుట్ కూడా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. అదే మనిషిని ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టి "ఏడో ఎక్కం ప్రింట్ చెయ్యి" అనండి, చేతులు ఆగిపోతాయి. తెలివి లేక కాదు. రికార్డు రాయడమంటే ఎవరో పూర్తి చేసిన ప్రోగ్రాముని చూసి దించడం. అందులో తప్పు పోయే వీలే లేదు, కాబట్టి ఆ తప్పు ఎందుకొచ్చిందో తెలుసుకునే వీలూ లేదు.

మన విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఉంది కదా. 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడనే కాదు, కర్ణాటక సంగీతం ఎక్కడ నేర్చుకున్నా మొదటి రోజే కీర్తన చెప్పరు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, ఆ తర్వాత జంట స్వరాలు, ఆ తర్వాత అలంకారాలు. ఒకే వరసని మూడు కాలాల్లో పాడిస్తారు. ప్రతి పాఠంలో కొత్తది కొంచెమే, మిగతాదంతా నిన్నటిదే. స్వరం తప్పితే అక్కడే ఆపి మళ్ళీ పాడిస్తారు, నెలాఖరు పరీక్ష దాకా ఆగరు. ప్రోగ్రామింగ్‌లో ఎక్సర్‌సైజు అన్నది అచ్చంగా ఇదే పని చెయ్యాలి. డేవ్ థామస్ అనే ప్రోగ్రామర్ ఇలాంటి చిన్న చిన్న సాధనలకి 'కోడ్ కాటా' అని పేరు పెట్టారు. కాటా అంటే జపాన్ కరాటేలో పదే పదే చేసే కదలికల వరస. పేరు కోసం ఆయన జపాన్ దాకా వెళ్ళారు గానీ, మనకైతే ఊళ్ళోనే దొరికేది.

ఈ సెమిస్టర్‌లో మేం ముగ్గురు సెకండియర్లం ఆదివారాలు హాస్టల్లో జూనియర్లకి ఎక్సర్‌సైజులు ఇస్తున్నాం. వాళ్ళలో పలాస వైపు నుంచి వచ్చినతనొకడు ఇంటర్ వరకు తెలుగు మీడియం. "నాకు కోడింగ్ రాదన్నా, వచ్చే ఏడాది బ్రాంచ్ మార్చీసుకుంటాను" అని మొదటి వారమే చెప్పేశాడు. అతనికి ఇచ్చిన లెక్క ఇది: జీడి పిక్కల బస్తా 80 కిలోలు. ఎన్ని బస్తాలో అడుగు, మొత్తం ఎన్ని కిలోలో చెప్పు.

రాశాడు. రన్ చేసి 5 కొట్టాడు. 400 రావాల్సిన చోట 5 అనే అంకె వరసగా 80 సార్లు వచ్చింది.

"ఏటన్నా ఇది, ఇన్ని ఐదులొచ్చీసినాయి?"

రూమంతా నవ్వారు, అతనూ నవ్వాడు. విషయం ఏంటంటే, పైథాన్‌లో ఇన్‌పుట్ ఏది ఇచ్చినా అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాల్ని 80తో గుణిస్తే వాటిని 80 సార్లు రాస్తుంది, అంతే. దాన్ని ఇంట్ లోపల పెట్టి సంఖ్యగా మారిస్తే 400 వస్తుంది. ఇదే సంగతి లెక్చర్లో అందరూ విన్నారు, నోట్సులో కూడా ఉంది. కానీ ఆ ఐదుల వరసని చూసినవాడు ఇంక మర్చిపోడు.

తర్వాతి లెక్కలో ఒక్కటే మార్చాం: బస్తా బరువు కూడా అడగమన్నాం, 79.5 ఇచ్చి చూడమన్నాం. ఇంట్ దగ్గర ప్రోగ్రాం ఆగిపోయి, ఎర్ర అక్షరాలు వచ్చాయి. దానికి కావాల్సింది ఫ్లోట్. చూడండి, లెక్క దాదాపు అదే, కొత్తది ఒక్కటే.

ఆ ఎర్ర అక్షరాల గురించి కొంచెం చెప్పాలి. చాలామంది వాటిని తిట్టు అనుకుని వెంటనే విండో మూసేస్తారు. తెలుగు మీడియం వాళ్ళయితే తమ ఇంగ్లిష్ వల్లే అర్థం కాలేదనుకుంటారు. నిజానికి 'ఇన్‌వాలిడ్ లిటరల్' అంటే ఏంటో ఇంగ్లిష్ మీడియంలో చదివిన మాకూ స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అది అందరికీ కొత్త భాషే. పైథాన్ ఎర్రర్‌ని కింద నుంచి చదవాలి: చివరి లైన్లో ఏం తప్పో ఉంటుంది, దాని పైన ఏ లైన్లో వచ్చిందో ఉంటుంది. అందుకే కావాలని పాడు చేసిన ప్రోగ్రాములు ఇచ్చి బాగు చెయ్యమంటున్నాం. ఏడో ఎక్కం ప్రోగ్రాములో రేంజ్‌ని 1, 10 అని పెట్టి ఇస్తే ఏడు తొమ్ములు అరవై మూడు దగ్గర ఆగిపోతుంది. 11 ఎందుకు పెట్టాలో వాళ్ళే వెతుక్కుంటారు. రస్ట్ భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం 'రస్ట్‌లింగ్స్' అని ఉంది, అదంతా ఇలా పాడైన చిన్న ప్రోగ్రాములే. 2013లో కాట్రీనా ఓవెన్ మొదలుపెట్టిన 'ఎక్సర్‌సిజం' ఇంకో దారి: లెక్కతో పాటు టెస్టులు కూడా ఇస్తారు, అవన్నీ పాసయ్యేదాకా మనం రాయాలి. ఉచితమే, చాలా భాషలకి ఉంది.

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు: మొదటి నెలలోనే ప్లేస్‌మెంట్ ప్రశ్నలు మొదలుపెట్టకండి. అక్కడ లెక్కా కొత్తదే, భాషా కొత్తదే. ఆగిపోతే దేని వల్ల ఆగామో తెలీదు. భాష కొత్తదైనప్పుడు లెక్క పాతదై ఉండాలి. ఎక్కం, బస్తాలు, బస్సు చార్జీ లాంటివి, జవాబు ముందే మనసులో తెలిసినవి. 400 రావాలని తెలియబట్టే కదా ఆ ఐదులు తప్పని కనిపించింది.

ఇంకో సరదా విషయం. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టొచ్చు, 'బస్తాలు' అని రాస్తే చక్కగా పనిచేస్తుంది. తెలుగు అంకె ౫ ఇన్‌పుట్‌గా ఇచ్చినా ఇంట్ దాన్ని 5గానే తీసుకుంటుంది. కావాలంటే ఇప్పుడే కొట్టి చూడండి.

పోయిన ఆదివారం పలాస అతను తనే ఓ లెక్క తయారు చేసుకొచ్చాడు: పది బస్తాల బరువులు వేరువేరుగా ఉన్నాయి, 80కి తక్కువ తూగినవి ఏవో చెప్పాలి. పది వేరియబుళ్ళు, పది ఇఫ్‌లు రాసుకొచ్చి, "ఇంత బారు అవసరమా అన్నా?" అని అడిగాడు. అవసరం లేదు. వచ్చే ఆదివారం లిస్టులు మొదలుపెడుతున్నాం.